పిల్లి గురించి మనం అనుకున్నవి

(స్వర్ణోత్సవ సభలో 1985 బ్యాచి పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ కమిటీ వారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ముప్పై ఏళ్ళుగా రోడ్లు వేస్తున్నావు కదా, రోడ్ల గురించో వంతెనల గురించో పిల్లలకు పనికొచ్చేలా నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. నేను రోడ్ల గురించి మొదలుపెడితే మన ఊరి రోడ్డు మీద గుంతల సంగతి ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అందుకని పిల్లి గురించి మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. నవ్వకండి. దీనికీ మన స్కూలుకీ సంబంధం ఉంది.

తొమ్మిదో తరగతి, బి సెక్షను. మన ఎన్నెస్ మాస్టారు క్లాసులోకి వచ్చి, పుస్తకం తెరవకుండా, "ఒరేయ్, పిల్లికి ఏమిష్టంరా?" అని అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో "పాలండీ!" అన్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే కాబట్టి నన్ను నిలబెట్టారు. "చూశావా, విన్నావా, అనుకున్నావా?" అన్నారు. "అందరూ అంటారండీ" అన్నాను. "అయితే విన్నావన్నమాట. కూర్చో. చూసినప్పుడు చెప్పు" అన్నారు. ఆ రోజు మా చేత నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయించారు. ఒకటి చూసినవి, రెండోది విన్నవి, మూడోది అనుకున్నవి. "మీకు తెలుసనుకుంటున్న ప్రతి ముక్కనీ ఏదో ఒక గడిలో వెయ్యండిరా. మూడో గడి పెద్దదని మీకే తెలుస్తుంది" అన్నారు. మాస్టారు ఇక్కడే ఉన్నారు. పేరు చెబితే ఆయనకు ఇష్టం ఉండదు. మీ అందరికీ తెలుసు.

ఇంజనీరునయ్యాక పిల్లి నాకు మొదట ఉద్యోగంలోనే ఎదురైంది. రాత్రిపూట హైవే మీద వెళ్తుంటే గీతల వెంట మిలమిల మెరిసే బిళ్ళలు చూసే ఉంటారు. వాటిని మేం క్యాట్ ఐలు అంటాం. ఇంగ్లండులో యార్క్‌షైరుకు చెందిన పెర్సీ షా అనే రోడ్డు కాంట్రాక్టరు వీటికి 1934లో పేటెంటు తీసుకున్నాడు. పొగమంచు రాత్రి కారులో వస్తుంటే, గోడ మీద పిల్లి కళ్ళు మెరిసి రోడ్డు మలుపు తెలిసిందనీ, ఆ ఆలోచనతోనే వీటిని తయారుచేశాడనీ ఒక కథ చెబుతారు. అది విన్నవాటి గడిలో వెయ్యండి. చూసినవాటి గడిలో వేయదగ్గది ఆ బిళ్ళ తయారీ. రబ్బరు దిమ్మలో గాజు గోళీలు బిగించాడు. పైనుంచి బండి చక్రం వెళ్ళినప్పుడు గోళీలు లోపలికి అణిగి, రబ్బరు వాటిని తుడిచి మళ్ళీ పైకి పంపుతుంది. మనం కళ్ళు ఆర్పినట్టే. మన రోడ్ల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ప్లాస్టిక్ బిళ్ళలు. వాటికి ఆ రెప్ప లేదు, అందుకే దుమ్ము పట్టి మసకబారతాయి.

అసలు పిల్లి కన్ను మెరిసేది ఎందుకు? కంటి వెనక తెర మీద పడి, దాన్ని దాటిపోయిన కాంతిని మళ్ళీ ఆ తెర మీదికే తిప్పికొట్టే అద్దంలాంటి పొర ఒకటి వెనకాల ఉంటుంది. అంటే ఒకే వెలుతురుని పిల్లి రెండుసార్లు వాడుకుంటుంది. మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దానికి చాలు. కటిక చీకట్లో మాత్రం దానికీ ఏమీ కనపడదు. దాని కంటిపాప నిలువు గీతలా ముడుచుకుని, చీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. మన కంటిపాప వైశాల్యం ఎక్కువ తక్కువల మధ్య 15 రెట్లు మారితే, పిల్లిది 135 రెట్లు మారుతుంది.

ఇంత కన్నున్న పిల్లికి ముక్కు ముందు పెట్టిన చేపముక్క సరిగ్గా కనపడదు. జానెడు దూరం లోపల దాని చూపు నిలవదు. ఆ లోటు మీసాలు తీరుస్తాయి. వేటలో మీసాలను ముందుకు చాచి, నోటి ముందున్నది ఏమిటో తడిమి తెలుసుకుంటుంది. మీసాలు మూతి మీదే కాదు, ముందు కాళ్ళకు వెనకవైపు కూడా ఉంటాయి. ఈసారి పిల్లి మీ ఒళ్ళోకి వస్తే మణికట్టు వెనక చూడండి.

పిల్లి ఎలా పడినా కాళ్ళ మీదే పడుతుందని మనందరం చిన్నప్పుడు విన్నాం. కొందరం, తప్పే అనుకోండి, అటక మీంచి పరీక్ష కూడా చేశాం. ఆ పని పెద్దపెద్దవాళ్ళే చేశారు. విద్యుదయస్కాంత సిద్ధాంతం చెప్పిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కేంబ్రిడ్జిలో చదివేటప్పుడు పిల్లుల్ని కిటికీలోంచి విసిరేవాడని అక్కడ ఒక పుకారు ఉండేది. ఆయన 1870లో భార్యకు రాసిన ఉత్తరంలో దానికి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. విసరలేదట. మంచం మీదికో బల్ల మీదికో రెండంగుళాల ఎత్తునుంచి వదిలి, ఎంత త్వరగా తిరుగుతుందో చూశాడట. ఆ రెండంగుళాల్లోనూ అది కాళ్ళ మీదే పడిందట.

చిక్కు ఎక్కడంటే, గాలిలో ఉన్న వస్తువు దేన్నీ తన్నకుండా, దేన్నీ పట్టుకోకుండా తనంతట తాను ఎలా తిరుగుతుంది? భ్రమణానికి సంబంధించిన కోణీయ ద్రవ్యవేగం మొదట సున్నా అయితే చివరిదాకా సున్నాగానే ఉండాలి. పదో తరగతి పి.ఎస్. పుస్తకం చదివినవాళ్ళెవరైనా ఇది కుదరదంటారు. పారిస్‌లో మారే అనే శాస్త్రవేత్త 1894లో పడుతున్న పిల్లిని వరసగా ఫోటోలు తీసి అకాడమీలో చూపించాడు. పిల్లి నిజంగానే గాలిలో తిరిగింది. వదిలేటప్పుడు చేతిని తన్ని ఉంటుందిలే అనడానికి ఆ ఫోటోల్లో వీల్లేదు.

గుట్టు దాని నడుములో ఉంది. పిల్లి నడుము దగ్గర వంగి రెండు ముక్కల్లా అవుతుంది. ముందు కాళ్ళు ముడుచుకుని, వెనక కాళ్ళు చాచుతుంది. ముడుచుకున్న ముందు భాగం ఎక్కువ తిరుగుతుంది, చాచిన వెనక భాగం ఎదురు దిశలో కొద్దిగానే తిరుగుతుంది. తర్వాత ముందు కాళ్ళు చాచి, వెనకవి ముడిచి, వెనక భాగాన్ని తిప్పుకుంటుంది. కూడికలూ తీసివేతలూ పోను మొత్తం సున్నాయే, పిల్లి మాత్రం బోర్లా తిరిగింది! స్టాన్‌ఫర్డ్‌లో కేన్, షెర్ అనే ఇద్దరు 1969లో దీన్ని రెండు స్తంభాల నమూనాగా గీసి లెక్కకట్టారు. అంతరిక్షంలో పట్టుకొమ్మ లేకుండా తేలే వ్యోమగామి ఒళ్ళు ఎలా తిప్పుకోవాలో ఆలోచించడానికి ఆ లెక్క పనికొచ్చింది. పిల్లికూనకు ఈ విద్య ఆరేడు వారాలకల్లా పూర్తిగా వచ్చేస్తుంది. నాకు ఆ లెక్క అర్థం కావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పాఠం ఒకటుంది. న్యూయార్క్‌లో మేడల మీంచి పడిన 132 పిల్లుల వివరాలను అక్కడి పశువైద్యులు 1987లో ప్రచురించారు. నూటికి తొంభై బతికాయి. ఏడో అంతస్తు వరకు ఎత్తు పెరిగేకొద్దీ దెబ్బలు పెరిగాయి. ఆపైన పడినవాటికి తగ్గాయి! ఒక వేగానికి చేరాక పిల్లి ఒళ్ళు వదులు చేసి, గొడుగులా పరుచుకుంటుందని దానికి వివరణ చెప్పారు. కావచ్చు. అయితే ఇంకో ప్రశ్న ఉంది. పడిన చోటే చచ్చిపోయిన పిల్లిని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? లెక్కలోకి వచ్చినవి ఆసుపత్రిదాకా వచ్చినవే. లెక్కలోకి రానివాటిని అడగకుండా తేల్చేస్తే, పడినా ఏం కాదులే అనుకుని బాల్కనీకి వల కట్టించడం మానేస్తాం. వంతెనల విషయంలోనూ ఇంతే. నిలబడ్డవాటిని చూసి నేర్చుకున్నది సగం చదువే.

ఇంకొకటి. వంటింటి కిటికీ ఊచల మధ్యనుంచి అంత పిల్లి ఎలా దూరుతుందని మా అమ్మ ఆశ్చర్యపోయేది. మన మెడ కింది జత్రుకలు, అదే కాలర్ ఎముకలు, భుజాన్నీ రొమ్ము ఎముకనీ కలిపి కడతాయి. పిల్లికి అవి చిన్న పుల్లల్లా ఉండి, ఏ ఎముకనూ అంటుకోకుండా కండరంలో తేలుతుంటాయి. అందుకే తల పట్టిన సందులోంచి మామూలు పిల్లి భుజాలు కూడా జారుకుంటాయి. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, కీలు ఉండాల్సిన చోట కీలే లేకుండా కట్టిన నిర్మాణం అది.

ఇక మాస్టారు అడిగిన పాల సంగతికి వస్తాను. 2010లో అమెరికాలో నలుగురు పరిశోధకులు పిల్లి పాలెలా తాగుతుందో స్లోమోషన్‌లో తీసి చూశారు. వారిలో ఒకాయన ఇంట్లో పిల్లి పొద్దున్నే పాలు తాగుతుంటే చూసి పుట్టిన ఆలోచన అది. పిల్లి నాలుకను గరిటెలా వాడదు. నాలుక కొసను వెనక్కి మడిచి, పాల పైభాగాన్ని తాకీ తాకనట్టు తాకి, చటుక్కున పైకి లాగుతుంది. దానితోపాటు సన్నటి పాలధార పైకి లేస్తుంది. భూమ్యాకర్షణ దాన్ని కిందికి లాగేలోపల నోరు మూసేస్తుంది. ఇది సెకనుకు నాలుగుసార్ల దాకా జరుగుతుంది. మీసం తడవదు, గడ్డం తడవదు. నాలుక పెద్దదైతే నెమ్మదిగా నాకాలని వారి లెక్క చెప్పింది. సింహాల్ని చూస్తే అలాగే ఉంది.

ఇంత చక్కగా తాగుతుంది కాబట్టి పాలు దానికి మంచివనుకుంటాం. పాలు మరిచిన తర్వాత చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. పాలను చూసి పారిపోయిన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు. నోరు కాలి పారిపోయింది కానీ, దాని కడుపుకు మేలే జరిగింది! పైగా పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి రెండు జన్యువులు కావాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి చెడిపోయి ఉందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం వాళ్ళు కనుక్కున్నారు. పిల్లి పాలకోవా దొంగిలించిందంటే అది వెన్న కోసమే, చక్కెర కోసం కాదు.

ఇప్పుడు మా ఇంటి పిల్లి గురించి చెప్పాలి. ఈ ప్రసంగం అసలు దాని కోసమే.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా అపార్ట్‌మెంట్ మెట్ల కింద దొరికిన కూనను తెచ్చుకుంది. నలుపు, నారింజ, తెలుపు మచ్చలు. మగదనుకుని రాజా అని పేరు పెట్టింది. పశువుల డాక్టరుగారు దూరంనుంచే చూసి, "ఇది ఆడదమ్మా" అన్నారు. ఎలాగంటే, నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లికి ఒకే ఎక్స్, కాబట్టి నారింజో నలుపో ఏదో ఒకటే. ఆడపిల్లికి రెండు. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూసిందన్నదాన్ని బట్టి అక్కడ నలుపో నారింజో వస్తుంది. ఈ సంగతి మేరీ లయన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1961లో చెప్పారు. మూడు రంగుల మగపిల్లి ఏ మూడు వేలలో ఒకటో ఉంటుంది. మా అమ్మాయి వెంటనే పేరు మార్చి, మూడు రంగులు కలిశాయి కనుక త్రివేణి అంది.

మాది శాకాహార గృహం. పెరుగన్నంతో పెంచుదామంది మా అమ్మ. డాక్టరుగారు ఒప్పుకోలేదు. టారిన్ అనే పదార్థం పిల్లి తనంతట తాను చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలోనూ చేపలోనూ ఉంటుంది. లేకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. మా అమ్మ రెండు రోజులు ఆలోచించి, "దాని ధర్మం దానిది" అని బాల్కనీలో దానికి వేరే గిన్నె పెట్టించింది.

ఐదేళ్ళ క్రితం ఒక సాయంత్రం త్రివేణి కుంటుకుంటూ వచ్చింది. తిండి ముట్టలేదు. ఒళ్ళు ముట్టుకుంటే వేడిగా ఉంది. చంకలో థర్మామీటరు పెడితే 101 చూపించింది. అమ్మాయి ట్యూషన్‌కు వెళ్ళింది. మా ఆవిడ గుడికి వెళ్ళింది. నేను 500 పారాసిటమాల్ బిళ్ళను సగం విరిచి, నీళ్ళలో నూరి తాగించాను. మర్నాడు పొద్దున్న మిగతా సగం వేశాను. రాత్రంతా అది నా ఒళ్ళోనే పడుకుని గుర్రుగుర్రుమంది. హాయిగా ఉందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి దాని మొహం వాచింది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. డాక్టరుగారు చూసి, "ఏం వేశారు?" అని నన్నొక్కణ్ణీ పక్కకు పిలిచి అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. మన కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే మార్గం ఒకటుంది. పిల్లికి ఆ మార్గం దాదాపు లేదు. మందు విషంగా మారి రక్తకణాలను చెడగొడుతుంది, రక్తం ప్రాణవాయువును మోయలేదు. ఒక్క బిళ్ళ పిల్లిని చంపగలదు. విరుగుడు ఉంది, కానీ కొన్ని గంటల్లోపల మొదలుపెట్టాలి. ఆయన చేయగలిగినదంతా చేశారు. ఆ రాత్రి అది పోయింది.

అప్పుడే తెలిసింది నాకు. పిల్లి మామూలు ఒంటి వేడే 100.5 నుంచి 102.5 వరకు ఉంటుంది. త్రివేణికి జ్వరమే లేదు. కాలు బెణికి ఉంటుంది. గుర్రుగుర్రుమనడం కూడా హాయికి మాత్రమే కాదు, నొప్పిలోనూ ఆఖరి ఘడియల్లోనూ పిల్లులు అలాగే అంటాయి. థర్మామీటరులో అంకె చూశాను, జ్వరం అనుకున్నాను. గుర్రు విన్నాను, సుఖం అనుకున్నాను. మనిషికి మంచిదైన మందు పిల్లికీ మంచిదే అనుకున్నాను.

ఇంట్లో మాత్రం నిజం చెప్పలేదు. "కింద వాచ్‌మన్ ఎలుకల మందు పెట్టి ఉంటాడు" అంది మా ఆవిడ. నేను ఊరుకున్నాను. అతన్ని నలుగురూ నాలుగు మాటలన్నారు. రెండు నెలలకు అతను పని మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో, నేను అడగనేలేదు.

ఈ ప్రసంగం రాసుకున్నాక మొదట బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి పంపాను. గంట తర్వాత ఫోన్ చేసింది. "తెలుసు నాన్నా. స్ట్రిప్పులో ఒక బిళ్ళ తక్కువ ఉండటం ఆ రోజే చూశాను. మీరే చెబుతారని చూస్తున్నాను" అంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత మనందరికీ తెలుసు. ఐదేళ్ళు ఆ పిల్లిని నేనే. వాచ్‌మన్ ఊరు పేరు తెలుసు. వచ్చే నెల ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం.

ఇళ్ళల్లో పిల్లులున్నవాళ్ళకు నాలుగు మనవులు. మన మందు ఏదీ పిల్లికి వెయ్యకండి, పావు బిళ్ళ కూడా. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ పూలు ఇంట్లో పెట్టకండి. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. దండల్లో గుచ్చే నేలసంపెంగను కూడా మనవాళ్ళు లిల్లీ అంటారు, అది వేరే మొక్క. మేడ మీద ఉంటే బాల్కనీకి వల కట్టించండి. పిల్లికి రేబిస్ టీకా వేయించండి. కరిచినా రక్కినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి.

మాస్టారూ, నలభై ఏళ్ళ క్రితం మీరు "చూసినప్పుడు చెప్పు" అని కూర్చోబెట్టారు. ఇవాళ నిలబడి చెబుతున్నాను. పిల్లికి పాలు పడవండి. చూశాను. మూడో గడిలో వేయాల్సినదాన్ని మొదటి గడిలో వేసుకుంటే ఏమవుతుందో కూడా చూశాను. ఇక్కడున్న ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలకు మీరు మళ్ళీ ఒకసారి ఆ మూడు గళ్ళూ గీయించాలని నా కోరిక. వాళ్ళతో పాటు నేను కూడా కూర్చుంటాను.

భోజనాలు సిద్ధమని కమిటీ వారు సైగ చేస్తున్నారు.